గుట్టు మీద గుత్తాధిపత్యం

పౌరుడికి ఇష్టం అనేది ఒకటి ఉంటుంది. వాడకుండా వదిలేస్తే అది తుప్పు పట్టి దేశానికి నష్టం చేస్తుంది. ఈ సత్యాన్ని ప్రభుత్వం కాస్త ఆలస్యంగానైనా గుర్తించి, ఊరూరా బ్రౌజర్ ఎంపిక కేంద్రాలు తెరిచింది. ఫోన్‌లో ఇంటర్నెట్‌ని ఏ కిటికీలోంచి చూడాలో ఇకపై ఫోన్ తయారుచేసినవాడు కాదు, చూసేవాడే తేల్చుకోవాలి. (తేల్చుకోలేని వారిని కేంద్రానికి పిలిపించి, తేల్చుకునేదాకా కూర్చోబెడతారు.)

డ్రైవింగ్ స్కూల్ మాస్టారిని ఎవరూ పిలిపించలేదు. ఆయనే వెళ్లారు. కేంద్రం చరిత్రలో తనంతట తాను వచ్చిన మొదటి పౌరుడు ఆయనేనని అధికారులు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆయన కష్టం వేరు. ఇరవై ఏళ్లుగా ఆయన కూర్చునేది నేర్చుకునేవారి పక్క సీట్లో. స్కూల్ కారులో ఆ సీటు ముందు, కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగ్ తిప్పేవాడు బండి తానే నడుపుతున్నాననుకుంటాడు. ఆపేది మాత్రం మాస్టారు. అలా ఇతరుల తప్పుల మీద కాలు వేసి బతికిన మనిషికి, ఒక రోజు తాను స్టీరింగ్ ముందు కూర్చోగానే ఒక సంగతి తట్టింది. పక్క సీటు ఖాళీ. తాను తప్పు చేస్తే బ్రేకు తొక్కేవాడు లేడు. చేతులు వణికాయి. ఆ వణుకు మళ్లీ తగ్గలేదు.

అప్పట్నుంచి ఆయన్ని ఇంటికి చేర్చేది శిష్యులే. ("ఇవాళ్టి పాఠం సందు మలుపులు" అనేవారు మాస్టారు. ఆ సందులన్నీ చిత్రంగా ఆయన గుమ్మం దగ్గరే ఆగేవి.) కారు బావమరిదిది, స్కూలూ బావమరిదిదే. సంగతి పొక్కితే ఉన్న సీటూ ఊడుతుంది. భార్యకు చెబుదామంటే, తమ్ముడి చెవిన వేయకుండా ఆవిడ ఏనాడూ ఒక్క మాటా దాచుకోలేదు. మింగలేక, కక్కలేక, చివరికి ఫోన్‌నే అడిగారు: స్టీరింగ్ పట్టుకుంటే చేతులు ఎందుకు వణుకుతాయి?

ఫోన్ సరైన జవాబు చెప్పలేదు. గుర్తు మాత్రం పెట్టుకుంది.

దారి చూపించడానికి ఆ ఫోనే కారులో అద్దం ముందు తగిలించి ఉంటుంది. మర్నాడు ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు దాని మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: 'స్టీరింగ్ అంటే వణుకా? సిగ్గుపడకండి!'

బండి నేర్చుకుంటున్న పళ్ల డాక్టరమ్మ పకపకా నవ్వింది. "చూశారా మాస్టారూ, నేను జడుసుకుంటున్నానని మీ ఫోన్‌కి కూడా తెలిసిపోయింది!"

"అవునమ్మా, ఈ కాలం ఫోన్లు మహా గట్టివి."

ఆ మరుసటి రోజు, అదే లైటు దగ్గర: 'ఏళ్ల తరబడి నేర్పిన గురువులకే వచ్చే భయం ఇది. మీరు ఒంటరి కాదు.' ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన చేతుల వంక చూసింది. ఆయన వాటిని తొడల కింద పెట్టుకున్నారు.

ఇంటికెళ్లి బ్రౌజర్ మార్చబోయారు. ఫోన్ ముందు 'నిజంగానా?' అంది. తర్వాత 'బాగా ఆలోచించుకున్నారా?' అంది. ఆపైన 'మా వల్ల ఏం లోటు జరిగింది?' అని, అత్తారింట్లో అలిగిన అల్లుణ్ణి బుజ్జగించినట్టు అడిగింది. ఆయన దేనికీ లొంగకుండా కొత్తది పెట్టుకున్నారు. పెట్టుకున్నాక దేన్ని నొక్కినా పాతదే తెరుచుకుంది. అందుకే కేంద్రానికి బయల్దేరారు. (నడిచి.)

ఎంపిక అధికారి పెన్ను మూత తీయడం, పెట్టడం తప్ప ఆ పెన్నుతో వేరే పని చేయని మనిషి. మాస్టారిని చూసి ఆనందంగా లేచి నిలబడ్డాడు.

"రండి, రండి! మా దగ్గర పన్నెండు బ్రౌజర్లున్నాయి. పన్నెండూ పూర్తిగా వేరు వేరు. లోపల ఇంజన్ ఒక్కటే."

ఇంజన్ మాట వినగానే మాస్టారికి వృత్తి గుర్తొచ్చింది. "ఇంజన్ ఒకటే అయితే తేడా ఏముందండీ?"

"రంగు. ఒకదాంట్లో వెనక్కి వెళ్లే బాణం కుడివైపు ఉంటుంది, అది గొప్ప ముందడుగు."

"నేను చూసింది పైకి పొక్కకూడదండీ. అంతే నాకు కావాల్సింది."

"దానికేం భాగ్యం! అన్నింట్లోనూ ప్రైవేట్ మోడ్ ఉంది. అందులో చూస్తే మీ ఫోన్‌లో ఏదీ మిగలదు."

"కంపెనీ దగ్గర?"

"కంపెనీకి గుర్తుంటుంది. మీకు గుర్తుండదు."

మాస్టారికి ఇది కొత్త ఏర్పాటుగా తోచలేదు. తన మనసు కూడా ఇన్నాళ్లూ ఇదే పద్ధతిలో పనిచేస్తోందని ఆయనకు అనుమానం.

"ఇంతకీ పాత కంపెనీకి మీ సంగతి ఏదో తెలిసిపోయింది, అంతేనా?" అన్నాడు అధికారి గొంతు తగ్గించి.

"అంతేనండీ."

"మీ గుట్టు ఒక్కళ్ల దగ్గరే ఉండిపోయింది?"

"అవునండీ."

"ఘోరం. అది గుత్తాధిపత్యం. చట్టం ఊరుకోదు."

మాస్టారి కళ్లు చెమర్చాయి. తన తరఫున చట్టం కోప్పడటం ఆయన జీవితంలో అదే మొదలు.

చట్టం ఊరుకోని విధానం ఇలా ఉంది. పక్కన సమాన అవకాశాల గది అని ఒకటుంది. అందులో మిగతా పదకొండు కంపెనీల ప్రతినిధులు ఒకే ఎత్తు కుర్చీల్లో, ఒకే రకం గ్లాసుల్లో ఒకే మట్టం నీళ్లు పెట్టుకుని కూర్చుంటారు. పౌరుడి గుట్టు పాత కంపెనీకి తెలిసి వీళ్లకు తెలియకపోతే పోటీ న్యాయంగా ఎలా జరుగుతుంది? కాబట్టి పౌరుడు తన గుట్టును అందరికీ సమానంగా, స్పష్టంగా, వెనక కుర్చీకి కూడా వినబడేలా చెప్పాలి. (గొంతు మరీ చిన్నదైతే మైకు ఉచితం.) పాత కంపెనీ ప్రతినిధి కూడా వచ్చి కూర్చున్నాడు, తన దగ్గరున్నదానితో సరిచూసుకోవడానికి.

మాస్టారు తలుపు వైపు చూశారు. వెళ్లిపోవచ్చు. కానీ రేపు మళ్లీ ఆ ఎర్ర లైటు ఉంది.

మొదలుపెట్టారు. పక్క సీటు ఖాళీ అన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతట అదే తెరుచుకుంది. ఎవరూ ఆవలించలేదు, "అదేం లేదులే" అని కొట్టిపారేయలేదు.

"ముందు ఏ చేయి వణుకుతుందండీ? ఎడమదా, కుడిదా?" అని మూడో కుర్చీ అడిగింది.

"ఎడమదే. కుడిది దాన్ని చూసి నేర్చుకుంటుంది."

"అబ్బ," అంది మూడో కుర్చీ, రాసుకుంటూ.

"కలలో కూడా బండి నడుపుతారా?" అని తొమ్మిదో కుర్చీ.

"నడుపుతానండీ. కలలో వణకను."

పన్నెండు పెన్నులూ ఒకేసారి రాసుకున్నాయి. ఆయనకు ఒళ్లు తేలికైంది. బయటికొస్తుంటే, ఇంకాస్త అడిగి ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

తర్వాత తెర ముందు నిలబెట్టారు. పన్నెండు గుర్తులు. పక్షపాతం లేకుండా వాటి వరస ప్రతిసారీ మారుతుంది. పాతది ఆయన ఫోన్‌లో ఎప్పుడూ ఎడమ మూల ఉండేది. ఆయన వేలు అలవాటుగా ఎడమ మూలకే పోయింది. అక్కడ ఇప్పుడు ఏదో ఊదారంగుది ఉంది.

"స్వేచ్ఛగానే నొక్కారు కదా?" అన్నాడు అధికారి.

"నేను కాదండీ, నా వేలు నొక్కింది."

"వేలు మీదే కదా?"

కాదనడానికి ఆయన దగ్గర ఆధారం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు సాయంత్రం బావమరిది ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"బావా, నిన్నటిదాకా నాకు ప్రెషర్ కుక్కర్ల యాడ్లు వచ్చేవి. ఇవాళ పొద్దున్నించీ ఇది వస్తోంది, చూడు." చదివి వినిపించాడు: "'మీ డ్రైవింగ్ స్కూల్‌కి వణకని మాస్టారు కావాలా?'"

"ఏ బ్రౌజర్‌లో?" అన్నారు మాస్టారు.

"అన్నిట్లోనూ! డాక్టరమ్మ కూడా ఫోన్ చేసింది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అంటారు గానీ, ఆ రాయి పక్క సీట్లో కూర్చుంటే తను రానంది. కేంద్రంలో పన్నెండు కంపెనీల వాళ్ల ముందు చెప్పుకున్నావట! ఊళ్లో అందరికీ తెలిసింది బావా, నాకు తప్ప. తాళాలియ్యి. రేపట్నించి నువ్వు ఆఫీసులో కూర్చో."

తాళాలు చేతులు మారాయి. చిత్రంగా మాస్టారి చేయి వణకలేదు. బావమరిది వెళ్లిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ముక్కూ మొహం తెలియని పన్నెండు మందికి చెప్పుకున్నారు," అంది. "పక్కనే ఉన్నాను. నాకెందుకు చెప్పలేదు?"

మాస్టారు నిజాయితీగానే ఆలోచించారు.

"వాళ్లు అడిగారు," అన్నారు.