యాభై తొమ్మిది జీబీల దొంగతనం

"బావా, ఈ లోకంలో నేరస్తులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాకింకా దొరకనివాళ్ళు."

ఈ ప్రకటన చేసినవాడు నా బావమరిది. కళ్ళద్దాల షాపులో పని. మనుషుల కళ్ళకి నంబర్లు వేసి వేసి, తన చూపుకి మాత్రం హద్దే లేదని నమ్మకం కుదిరిపోయింది. షాపులో పాడైన భూతద్దమొకటి జేబులో వేసుకుని తిరుగుతాడు కాబట్టి వీధిలో అందరూ వాణ్ణి 'భూతద్దం' అంటారు. ఇంతవరకు వాడు ఎవర్నీ పట్టుకోలేదు, వాణ్ణే జలుబు పట్టుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో ఉన్నది నలుగురం. నేను, మా ఆవిడ, భూతద్దం, వాళ్ళమ్మ. అంటే మా అత్తయ్య. మా పెళ్ళి వీడియో చూడ్డానికి ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది.

నిజానికి ఆవిడ వచ్చింది పెళ్ళి చూడ్డానికి కాదు. మామయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆయన మాట ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఆ వీడియోలోనే.

"ఆయన మొహం ఫొటోలో రోజూ చూస్తున్నాను బాబూ. గొంతే, ఎలా ఉండేదో మర్చిపోతున్నానేమోనని భయంగా ఉంది" అంది కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంటూ.

నేను తలూపి కంప్యూటర్ ఆన్ చేశాను. ఆ కంప్యూటరంటే నాకు ప్రాణం. టీవీకి తగిలించి, చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టి, హాలుని సినిమా హాలు చేసుకున్నాను. పెళ్ళి క్యాసెట్టుకి బూజు పట్టబోతుంటే స్టూడియో ఆయన దాన్ని శుభ్రం చేసి, పెద్ద తెరకి సరిపడేలా అరవై ఐదు జీబీల ఫైలుగా ఇచ్చాడు. ఆ తర్వాత క్యాసెట్టు చెత్తబుట్టకి పోయింది.

ఇక్కడొక విషయం మా ఆవిడకి తెలియదు. నా డిస్కు నిండా సినిమాలే. చోటు చాలక ఆ అరవై ఐదు జీబీలని కుదించి ఆరు చేశాను. పదకొండు గంటలు పట్టింది. మొదటి రెండు నిమిషాలు వేసి చూశాను, బ్యాండు మేళం బ్రహ్మాండంగా మోగింది. వెంటనే అసలు ఫైలు చెరిపేశాను.

ఇప్పుడూ మేళం బ్రహ్మాండంగానే మోగింది. కానీ మేళం తర్వాత అందరి నోళ్ళూ కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. మామయ్య కెమెరా వైపు విసవిసా నడిచి వచ్చి నోరు తెరిచాడు. వెనక సన్నాయి తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"కొంచెం పెంచు బాబూ" అంది అత్తయ్య ముందుకి వంగి.

పెంచాను. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మామయ్య మాత్రం పెదవులే ఆడించాడు.  కుదించేటప్పుడు మాటలన్నీ నా చేతులతో నేనే చెరిపేశానన్నమాట.

"ఆపు!" భూతద్దం లేచి నిలబడ్డాడు. నేను బొమ్మ ఆపాను. వాడు భూతద్దంతో తెర మీది అంకెల్ని పరీక్షించాడు. "బావా, స్టూడియోవాడి కవరు మీద అరవై ఐదు అని ఉంది. ఇక్కడ చూస్తే ఆరు. పట్టపగలు యాభై తొమ్మిది జీబీలు మాయం! సన్నాయిని ముట్టుకోలేదు, మాటలు మాత్రం ఎత్తుకుపోయాడు. దీన్నిబట్టి నీకేం తెలుస్తోంది?"

"ఏం తెలుస్తోంది?"

"దొంగకి సంగీతజ్ఞానం లేదు."

"ఒరేయ్, ఫైల్లో మాటలెవడు దొంగిలిస్తాడురా?" అంది మా ఆవిడ.

"పక్కింటి లెక్చరరు రోజుకి ఆరు గంటలు మాట్లాడతాడక్కా. అన్ని మాటలు ఆయనకి ఎక్కణ్ణించి వస్తున్నాయి?" తర్వాత నా వైపు తిరిగి కళ్ళు చిన్నవి చేశాడు. "ఫైలు చిక్కిపోయిన సమయంలో నువ్వెక్కడున్నావు?"

"ఈ కంప్యూటర్ ముందే."

"అయితే నీ మీద అనుమానం లేదు. అసలు దొంగ ఎప్పుడూ దొంగతనం జరిగిన చోట ఉండడు."

అత్తయ్య మాత్రం తెర మీద నోరు తెరిచి ఆగిపోయిన భర్తనే చూస్తోంది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నేనే అత్తయ్యా. చోటు కోసం నేనే కుదించాను. అసలుది చెరిపేశాను."

"ఎవర్నో కాపాడుతున్నావు బావా" అన్నాడు భూతద్దం జాలిగా. "నీ ఒప్పుకోలు నేను ఒప్పుకోను."

"మీ సినిమాల కోసం మా నాన్న గొంతు తీసేశారా?" అంది మా ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అత్తయ్య కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "పోనీలేవే. కావాలని చేశాడా ఏమిటి? మొహం చూశాను కదా, చాలు. పద, నన్ను బస్సెక్కిద్దువుగాని."

నాలుగు తిట్టినా బాగుండేది.

"ఎవరూ తొందరపడొద్దు!" భూతద్దం అప్పటికే టీవీ బల్ల వెనక్కి దూరాడు. "ఇక్కడ దుమ్ములో వేలిముద్రలున్నాయి. ఐదు వేళ్ళు! దొంగ ఆడది!"

"అవి నావిరా. నిన్న దుమ్ము దులుపుతూ మధ్యలోని స్పీకరుని పక్కకి జరిపాను."

"అక్కా, నువ్వా!" అంటూ వాడు ఆవేశంగా లేవబోయాడు. దుమ్ము ముక్కులోకి పోయి పెద్ద తుమ్ము తుమ్మాడు. తల బల్లకి తగిలింది. వెనక్కి తూలి మధ్య స్పీకరు మీద కూలబడ్డాడు. కిందపడేటప్పుడు మోచెయ్యి బల్ల మీది కీబోర్డుకి తగిలి వీడియో మళ్ళీ కదిలింది.

"ఎవరయ్యా నా గొడుగు తీసింది?"

హాలు అదిరిపోయింది. మామయ్య గొంతే. నిలువెత్తున, బొంగురుగా, నేను పెంచిన శబ్దంతో సహా.

మా ఆవిడ జరిపినప్పుడు ఆ స్పీకరు వైరు సగం ఊడింది. మాటలన్నీ వచ్చేది అందులోంచే, మేళం వచ్చేది పక్కవాటిలోంచి. భూతద్దం బరువుకి వైరు మళ్ళీ లోపలికి దిగింది. ఫైల్లో అన్నీ పదిలంగానే ఉన్నాయి.

"తలుపులు మూయించండి! గొడుగు దొరికేదాకా ఒక్కరు బయటికి పోవడానికి వీల్లేదు! వియ్యంకుడుగారైనా సరే, సంచీ విప్పి చూపించాల్సిందే!" తెర మీద మామయ్య కేకలేస్తున్నాడు. గొడుగు ఆయన ఎడమ మోచేతికి హాయిగా వేలాడుతోంది.

"మీ చేతికే ఉంది కదండీ!" అంది అత్తయ్య.

అదే క్షణంలో తెర మీద వయసులో ఉన్న అత్తయ్య పక్కనుంచి వచ్చి సరిగ్గా ఆ మాటే అంది. మామయ్య గొడుగు వైపు చూసుకుని, "ఎవరో భయపడి తెచ్చి తగిలించారు" అని హుందాగా వెళ్ళిపోయాడు.

అత్తయ్య పకపకా నవ్వింది. కళ్ళజోడు ఒళ్ళోనే ఉంది, చెంపలు తడిసిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. మా ఆవిడ వెళ్ళి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

బల్ల వెనకనుంచి భూతద్దం లేచాడు. జుట్టు నిండా బూజు, నుదుటి మీద బొప్పి. "దొంగ నాకు భయపడి మాటలు తెచ్చి తిరిగి పెట్టేశాడు బావా. కేసు..." అని మొదలుపెట్టి, అమ్మ మొహం చూసి, నోరు మూసుకున్నాడు. అది కూడా మా ఇంట్లో మొదటిసారే.

నేను వీడియో ముందుకి పోనివ్వబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వెనక్కి తిప్పు బాబూ. ఆయన్ని ఇంకోసారి వెతుక్కోనీ."