పరుగువీరుడి రక్తపరీక్ష

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. డాక్టరమ్మ మొగుడు పరగడుపున ప్రయోగశాలకొస్తాడు, సైకిలు తొక్కుతాడు, రక్తమిచ్చి ఇంటికెళ్తాడు. మధ్యాహ్నం ప్రొఫెసర్ వచ్చి ఫలితం చూస్తాడు. అది తేలకపోతే సాయంత్రానికల్లా ఆ గది పక్క విభాగానికి పోతుంది, దాంతోపాటే ఆమె పరిశోధనా పోతుంది.

వ్యాయామం చేసేటప్పుడు ఒళ్ళు తనంతట తానే నొప్పినీ అలసటనీ మరిపించే, నల్లమందులాంటి రసాయనాలు తయారుచేసుకుంటుంది. రోజూ పరిగెత్తేవాళ్ళ రక్తంలో చక్కెరను అవి ఎలా అదుపు చేస్తాయో ఆమె తేల్చాలి. అందుకు కొందరికి వాటిని అడ్డుకునే ఇంజెక్షన్, కొందరికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేదో ఫార్మసిస్టుకొక్కడికే తెలుసు. చివరగా రావలసిన పరుగువీరుడికి కాలు బెణకడంతో ఆమె కన్ను మొగుడి మీద పడింది. ఆర్నెల్లుగా తెల్లారేసరికి బూట్లు బిగించుకుని పరుగుకి వెళ్తున్న మనిషాయె!

వెళ్తున్న మాట నిజమే, వీధి మలుపు దాకా. అక్కడ సెలూన్‌లో కుర్చీ వాల్చుకుని నిద్రపోయి, మొహాన నీళ్ళు చల్లించుకుని, చెమటలు కక్కినవాడిలా ఇంటికొస్తాడు.

మొదటి చుక్క రక్తం తీశారు. ఇంజెక్షనూ అయింది. సైకిలు చూడగానే అతని గుండె జారింది. అల్మరాలోని గ్లూకోజు డబ్బా చంకలో దాచుకుని బాత్రూంలో దూరి, ఓపిక కోసం సగం డబ్బా నోట్లో ఒంపుకున్నాడు.

కాసేపు తొక్కాడో లేదో మొహం పాలిపోయింది.

"తొక్కండి, ఇంకా మొదలే!"

"ఊపిరాడట్లేదే..."

రక్తం తీస్తున్న మరిది గాభరాపడ్డాడు. "వదినా, అన్నయ్య వాలకం బాలేదు. ఆపేద్దామా?"

ఆమె మీటరు చూసింది. చక్కెర ఎగబాకుతోంది.

"అలసటకి తట్టుకోలేకపోతున్నారు, చక్కెర పెరుగుతోంది. మందు పనిచేస్తోందిరా!"

మొగుడికి ప్రాణం లేచొచ్చింది. తప్పు మందుదన్నమాట! ఇక మొహమాటం లేకుండా మూలిగాడు. "ఏం మందే తల్లీ ఇది... నిన్నటిదాకా లేడిపిల్లలా పరిగెత్తానే!"

మధ్యాహ్నం రావలసిన ప్రొఫెసర్ అప్పుడే అడుగుపెట్టాడు. మూలుగు విన్నాడు, అంకెలు చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "భేషమ్మా! ఫార్మసిస్టుకి ఫోన్ కొట్టు."

స్పీకర్లో ఫార్మసిస్టు గొంతు ఖంగుమంది. "ఆయనకాండీ? ఉప్పునీళ్ళే."

సైకిలు ఆగిపోయింది. డాక్టరమ్మ మొగుడి మీసం మీద వేలితో రాసి చూసింది. తెల్లటి పొడి, గ్లూకోజు.

"ఏమండీ, రోజూ పొద్దున్నే ఎక్కడికెళ్తున్నారు?"

"పరుగుకే..."

"అన్నయ్యా," అన్నాడు మరిది నసుగుతూ, "నీ గురక తగ్గడానికి మందేమైనా ఉందా అని సెలూన్ అతను నిన్న నన్నడిగాడు."

ఆమె ప్రొఫెసర్ వైపు తిరిగింది. "ఈ ఫలితం చెల్లదు సార్. ఇవిగో గది తాళాలు."

ప్రొఫెసర్ తాళాలు అందుకోలేదు. సైకిలు మీదే కూలబడ్డవాడి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇన్నాళ్ళూ నీ దగ్గరికి అలవాటున్నవాళ్ళే వచ్చారు కదమ్మా. శిక్షణకి ముందు వాళ్ళ ఒళ్ళెలా ఉండేదో మనకి తెలీదు. ఇంత కల్తీలేని బద్ధకం మళ్ళీ దొరకదు. వచ్చేవారం గ్లూకోజు లేకుండా పరీక్షించు. తర్వాత ఆర్నెల్లు పరిగెత్తించి, ఇదే మనిషిని మళ్ళీ చూద్దాం. అప్పటిదాకా గది నీదే. రోజూ పొద్దున్నే ఇతగాడి వెంట నేనే పరిగెడతాను."

సెలూన్‌లో ఆ కుర్చీ ఇప్పుడు గడ్డం గీయించుకునేవాళ్ళకి దొరుకుతోంది.