మళ్లీ అవే ప్రశ్నలు

ఆ సోమవారం పొద్దున అమూల్య లెక్క చాలా తేలికైంది. దూలపల్లిలో ఎనిమిది ఇళ్లు, ఇంటికి అరగంట, సాయంత్రానికి గైడు శేషారత్నం మేడమ్ బల్ల మీద ఎనిమిది కాగితాలు. దీర్ఘరోగుల భార్యలు ఆ కష్టాన్ని ఎలా తట్టుకుంటున్నారో కనుక్కునే ఇంగ్లీషు ప్రశ్నావళిని అమూల్య తెలుగులోకి తెచ్చింది. ఆ తెలుగు నిలుస్తుందో లేదో తేలాలంటే, పదిహేను రోజుల తర్వాత అదే మనిషిని అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఇవాళ ఆ రెండోసారి. జవాబులు కలిస్తే డిగ్రీ. కలవకపోతే అనువాదం మొదటికొస్తుంది, ఏడాది పోతుంది. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పకూడదన్నది మేడమ్ పెట్టిన షరతు.

మొదటి ఇల్లు నర్సమ్మది. ఆమె భర్త జనార్ధన్ భూములున్న మనిషి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు, వారానికి రెండుసార్లు మేడ్చల్‌లో డయాలసిస్‌కు వెళతాడు. రెండో ప్రశ్న దగ్గరే నర్సమ్మకు అనుమానం వచ్చింది.

"మొన్న గివే అడిగినవ్ గద బిడ్డా. తప్పు జెప్పిన్నా?"

ఇందులో తప్పొప్పులు ఉండవని అమూల్య అంది. వరండాలో పేపరు చదువుతున్న జనార్ధన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. కిందటిసారి రాసుకున్న కాగితం చూపించమన్నాడు. అది రహస్యమని, చూపించకూడదని అమూల్య చెప్పింది. ముప్పై ఏళ్లుగా హద్దురాళ్ల మధ్య బతికినవాడికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. సర్వేయరు ఒకే చేనును రెండోసారి కొలవడానికొచ్చాడంటే ఎవడో అర్జీ పెట్టినట్టే. ఇదీ అంతే. పెళ్లాలు మొగుళ్లను సరిగ్గా చూసుకోవడం లేదని ఎవరో పైకి రాసి ఉంటారు.

డయాలసిస్‌కు వెళ్లే ఎనిమిది ఇళ్లకూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. అది మొగుళ్ల ఫోన్లలోనే ఉంది. జనార్ధన్ పెరట్లోకి పోయి అందులో మాట పంపాడు. "ఎంక్వైరీ వస్తాంది. కష్టమున్నదా అంటే లేదనాలె. అందరు ఒక్క మాట మీదుండుండ్రి."

రెండో ఇంట్లో పార్వతీదేవి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ప్రశ్న పూర్తికాకముందే కష్టం అస్సలు లేదండి అనేసింది. నిద్ర పడుతుందా అని అడిగినా కష్టం లేదనే అంది. మూడో ఇంట్లో అదే, నాలుగో ఇంట్లో అదే. ఐదో ఇంటావిడ అయితే మొగుడికి జబ్బున్న సంగతే ఒప్పుకోలేదు. ఆయన పక్క మంచం మీద చేతికి కట్టుతో కూర్చుని తలూపాడు.

ఎనిమిదీ అయ్యేసరికి, జవాబులేవీ కిందటిసారితో కలవక, అమూల్య తిరిగొచ్చి నర్సమ్మ గుమ్మంలో కూలబడింది. అర్జీ పెట్టినవాడి పేరన్నా చెప్పమని జనార్ధన్ అడిగాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు. ఇక మేడమ్ షరతును పక్కన పెట్టి ఉన్నది చెప్పేసింది. పరీక్ష మనుషులకు కాదు, తాను రాసిన తెలుగుకు. అధికారులెవరూ లేరు, పోబోయేది తన డిగ్రీ.

జనార్ధన్ నొచ్చుకున్నాడు. "గా ముచ్చట పొద్దుగాలనే జెప్తే అయిపోవు గద బిడ్డా. పరేషాన్ గాకు," అని గ్రూపులో రెండో మాట పంపాడు. పోయినసారి ఏం చెప్పారో అక్షరం పోకుండా అదే చెప్పాలి.

పదిహేను రోజుల కిందటి సొంత మాట ఎవరికి గుర్తుంటుంది? పక్కావిడది మాత్రం గుర్తుంది. డయాలసిస్ సెంటరు బెంచీ మీద అన్నీ చెప్పుకున్నవాళ్లే. ఆడవాళ్లు ఫోన్లు లాక్కుని గ్రూపులో వాయిస్ మెసేజీలు పెట్టి ఒకరికొకరు గుర్తుచేయడం మొదలుపెట్టారు. ఎనిమిది ఇళ్లలోనూ ఆ మాటలు మొగుళ్ల చెవిన పడుతూనే ఉన్నాయి. ఒకావిడ, మొగుడికి ఉప్పు పనికిరాదని, ఆవకాయ జాడీని బియ్యం డ్రమ్ములో దాచి, మొగుడు స్నానానికి వెళ్లగానే తింటుందట. ఇంకొకావిడ పుట్టింటికని చెప్పి బస్సెక్కి, శామీర్‌పేట చెరువు కట్ట మీద ఊరికే కూర్చుని వస్తుందట. ఆ తర్వాత పార్వతీదేవి గొంతు వచ్చింది.

"నర్సమ్మగారూ, ఏడుపొస్తుందా అన్న మూడో ప్రశ్నకి మీరు 'ఎప్పుడూ' అన్నారండి. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తానని చెప్పారు కదా."

జనార్ధన్ నర్సమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని కింద పెట్టాడు. ట్యాంకు తొందరగా ఖాళీ అవుతోందని ఆ నెలలో రెండుసార్లు ప్లంబరును తిట్టి ఉన్నాడు.

"నల్ల ఇప్పుకొని ఏడ్సుడేందే. నాకు జెప్పరాదా."

"డాక్టర్ జెప్పిన గ్లాసెడు నీళ్లు పొద్దంత గుటక గుటక వెట్టుకుంట తాగుతవ్. నీ ముంగట నేను కండ్లల్ల నీళ్లెట్ల వెట్టుకోవాలె."

జనార్ధన్ లేచి, ఇవాళ వంట తానే చేస్తానన్నాడు. నర్సమ్మ దాన్ని కొత్త కష్టంగా జమకట్టుకుంది.

అమూల్య ఒక్కొక్కరినీ తలుపు వేసి మళ్లీ అడిగింది. ఇరవై నాలుగు ప్రశ్నల్లో ఇరవై మూడింటికి జవాబులు కిందటిసారితో కలిశాయి. 'నా కష్టం నా భర్తకు తెలుసు' అన్నదానికి మాత్రం పోయినసారి ఎనిమిది మందీ తెలియదన్నారు, ఈసారి ఎనిమిది మందీ తెలుసన్నారు.

శేషారత్నం మేడమ్ కాగితాలు రెండుసార్లు తిరగేసింది. "నీ తెలుగు నిలబడిందమ్మాయ్. నీ మనుషులే నిలబడలేదు," అంది. ముందే మాట్లాడుకుని చెప్పిన ఈ ఎనిమిదీ పక్కన పెట్టి దుండిగల్‌లో వేరే ఎనిమిది మందిని వెతుక్కోమంది, గడువు నెల పెంచింది. అది విని జనార్ధన్, దుండిగల్‌లో తన వాళ్లున్నారని, ముందే వెళ్లి అందరికీ నచ్చజెబుతానని బయల్దేరాడు. నర్సమ్మ కారు తాళాలు దాచేసింది.

డిగ్రీ వచ్చింది. థీసిస్‌లో 'పరిశోధన పరిమితులు' అన్నచోట అమూల్య ఒక్క వాక్యమే రాసింది: మొదటి ఎనిమిది ఇళ్లలో భర్తలు విన్నారు.