గొడుగు వెనక ఇరవై ఆరుగురు

ఆ రోజు తెల్లవారకముందే లేచి కండక్టరు గారు ఒక కాగితం మీద నిలువు గీతలు, అడ్డ గీతలు గీసి ప్రయాణమంతా రాసేశారు. మొదటి విమానం దిగేది తొమ్మిదీ పదికి. రెండో విమానం కదిలేది పదిన్నరకి. మధ్యలో గంటా ఇరవై నిమిషాలు. "గంటా ఇరవై నిమిషాలంటే నా సర్వీసులో రెండు ట్రిప్పులు," అంటూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నారు. రిటైరై నాలుగేళ్లయినా ఆయన దేన్నైనా ట్రిప్పనే అంటారు. పక్కవీధిలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ట్రిప్పే.

ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ ఊరందరూ ఆయన్ని దారి అడిగారు గానీ ఆయన ఎవరినీ అడగలేదు. పైగా అందరూ ఎక్కాక రేకు మీద ఉంగరంతో టకటకమని రెండు దెబ్బలు కొట్టి "రైట్" అంటే తప్ప ఆయన లెక్కలో ఏ బండీ కదిలినట్టు కాదు. ఆ పొద్దున మొదటి విమానం ఎక్కేటప్పుడు కూడా గుమ్మం దగ్గర ఎయిర్‌హోస్టెస్ పక్కన నిలబడిపోయి, వచ్చేవాళ్లందరినీ "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అని పంపిస్తుంటే, ఆ అమ్మాయి కంపెనీ వాళ్లు కొత్తగా ఎవరినో వేశారనుకుంది. భార్య వచ్చి చొక్కా పట్టుకుని లాక్కెళ్లాల్సి వచ్చింది.

ఆవిడ దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. ఆవిడ తమ్ముడి కూతురి పెళ్లి ఆ సాయంత్రం ఆరింటికి. పెళ్లికూతురు వేసుకోవలసిన గౌను ఈ మేనత్త ఏడు వారాలు కూర్చుని కుట్టింది. నడుం దగ్గర నూట నలభై సన్న కుచ్చిళ్లు, ఒక్కొక్కటీ చేత్తో పట్టి ఇస్త్రీ చేసినవి. ఆ బట్టని మడిస్తే ముడత, ఒళ్లో పెట్టుకుంటే ముడత, గట్టిగా చూస్తే ముడత. అందుకని దాన్ని హ్యాంగరుకి తగిలించి, పొడుగాటి పసుప్పచ్చ సంచిలో పెట్టి, నిలువునా మోసుకెళ్లాలని తీర్మానమైంది. ఆవిడ పొట్టి మనిషి, పట్టుకుంటే సంచి నేల ఊడుస్తుంది. పొడుగు కండక్టరు గారిదే. ఆయనకీ కాసేపటికే చెయ్యి పీకింది. దాంతో తన నల్లగొడుగుని తలకిందులుగా పట్టుకుని, పైకి వచ్చిన వంపు పిడికి హ్యాంగరు తగిలించారు. సంచి జెండాలా లేచి నిలబడింది.

"ఒక్క ముడత పడిందో, నాతో ఇంటికి రాకండి," అంది ఆవిడ.

"నేను రాకపోతే నీకు దారెవరు చూపిస్తారు?" అన్నారు ఆయన.

మొదటి విమానం పాతిక నిమిషాలు ఆలస్యంగా దిగింది. తొమ్మిదీ ముప్పై అయిదు. పదీ పదిహేనుకి గేటు మూస్తారు. మళ్లీ అటు వెళ్లే విమానం మర్నాడు పొద్దున్నే. అంటే ఈ నలభై నిమిషాల్లో నలభై రెండో గేటు దొరక్కపోతే పెళ్లికూతురు ఆ సాయంత్రం ఇంట్లో వేసుకునే బట్టలతో పెళ్లికి నిలబడాలి.

విమానాశ్రయం మూడు టెర్మినళ్లు. ఒక్కో టెర్మినల్ ఒక ఊరంత. తలెత్తితే బోర్డులు, బోర్డుకి పది బాణాలు, ఏ బాణానికీ ఇంకో బాణంతో పొత్తు లేదు.

"ఎవరినైనా అడగండి," అంది భార్య.

"అడగటమేమిటే. బోర్డులు పెట్టింది చదవడానికి."

"మరి చదవండి."

"చదివాను. పద." ఏం చదివారో ఆయనకే తెలియాలి. గొడుగు ఎత్తి, రొమ్ము విరుచుకుని, ఎడమవైపు నడవలోకి తిరిగారు.

ఇప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. విమానాశ్రయాల్లో గుంపుల్ని నడిపించే టూరు గైడులు కూడా ఇలాగే ఏదో ఒకటి తలకి పైగా ఎత్తి పట్టుకుంటారు. అక్కడే దారి తప్పి బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఒక లెక్కల మాస్టారికి ఆ పసుప్పచ్చ సంచి దేవుడిలా కనబడింది. చప్పుడు చెయ్యకుండా వెనక చేరారు. మాస్టారి వెనక ఇద్దరు పిల్లలతో ఒక జంట. వాళ్ల వెనక నాలుగు పెట్టెలతో నలుగురు నర్సులు. కండక్టరు గారు ఓసారి వెనక్కి చూశారు. ఏడుగురు, పిల్లలతో కలిపి తొమ్మిది. ఆయనకి కొండంత ధైర్యం వచ్చింది.

"చూశావా? ఇంతమంది ఇటే వస్తున్నారంటే దారి ఇదే," అన్నారు.

వెనక మాస్టారు ఒక నర్సుతో సరిగ్గా అప్పుడే చెబుతున్నారు. "ఆయన నడక చూడండమ్మా. దారి తెలిసినవాళ్ల నడకే వేరు."

కదిలే నడకపట్టీ దగ్గరికి వచ్చేసరికి వెనక పదిహేనుమంది. అందరూ మొదట్లోనే గుమిగూడి నిలబడితే కండక్టరు గారి నోరు ఊరుకోలేదు. "ముందుకు జరగండి, ముందుకి. ఎడం పక్క ఖాళీ ఉంది. పెట్టె దారికడ్డం పెట్టకండి బాబూ." ఆ గొంతు వినగానే ఎదురుగా కాఫీ తాగుతున్న ఒక కుటుంబం కప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అంత అధికారంగా మాట్లాడే మనిషిని వదులుకునేంత ధైర్యం వాళ్లకి లేదు. పట్టీ దిగేటప్పుడు ఆయన చూపుడువేలితో గాల్లో తలలు లెక్కపెట్టారు. ఇరవై రెండు. ఈ కథ తర్వాత చెప్పుకున్నవాళ్లు నూట పదకొండు అన్నారు గానీ, అబద్ధానికైనా ఒక హద్దుండాలి.

ఈ రద్దీలో ఆయనకీ భార్యకీ మధ్య జనం చేరిపోయారు. ఆవిడ వెనకబడి, నేల తుడుస్తున్న ఒక మనిషిని ఆపి టికెట్టు చూపించింది.

"నలభై రెండా? అదిగో ఆ లిఫ్టు ఎక్కండమ్మా. రెండు అంతస్తుల పైన. దిగితే ఎదురుగానే," అన్నాడతను.

ఆవిడ మునివేళ్ల మీద లేచి గొంతు పెంచింది. "ఏవండీ. ఇటు, ఇటు. లిఫ్టు."

ఇరవై రెండు తలల అవతల నుంచి పసుప్పచ్చ సంచి ఒక్క క్షణం ఆగింది. "ఇంతమందిని వెనక్కి తిప్పమంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురి సంగతి నాకెందుకు, నా గౌను ఇటు ఇవ్వండి."

"గౌను క్షేమంగా ఉంది. నువ్వు నా వెనకే రా," అని సంచి ముందుకి సాగిపోయింది.

ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. అంతమందిని తోసుకుని వెళ్లేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఎవరో ఒకరు ముందు చేరి గేటు ఆపాలి. తన టికెట్టు ఎప్పుడూ తన చేతిసంచిలోనే ఉంచుకునే మనిషి కాబట్టి తిన్నగా వెళ్లి లిఫ్టు ఎక్కేసింది. నాలుగు నిమిషాల్లో నలభై రెండో గేటు ముందు ఉంది. గౌను మాత్రం లేదు.

గౌను అప్పుడు రైలు ఎక్కుతోంది. టెర్మినళ్ల మధ్య తిరిగే చిన్న రైలు. కండక్టరు గారు తలుపు పక్కన నిలబడి, కొత్తగా చేరిన నలుగురితో కలిపి ఇరవై ఆరుమందినీ ఒక్కొక్కరినే లోపలికి తోసి, తనూ ఒక కాలు లోపల పెట్టి, రేకు మీద ఉంగరంతో రెండు కొట్టి "రైట్" అన్నారు. రైలు కదిలింది. ఆయన మొహం చేటంతైంది. అది డ్రైవరే లేకుండా దానంతటది నడిచే రైలని ఎవరూ చెప్పలేదు. కానీ మూసుకుంటున్న తలుపులో పసుప్పచ్చ సంచి కొన ఇరుక్కుంది. రైలు ఆగేదాకా, మూడు నిమిషాలు, ఆయన గొడుగు కదల్చకుండా ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. ఆయన్ని చూసి ఇరవై ఆరుగురూ ఊపిరి బిగపట్టారు, ఎందుకో తెలియకుండానే. తలుపు తెరుచుకున్నాక తడిమి చూసుకుంటే నలిగింది సంచి కొనే, గౌను కాదు.

అప్పటికి పది దాటింది. అక్కడి నుంచి ఒక నడవ, ఆ చివర ఇంకో నడవ, దాని చివర ఒక తలుపు. ఆయన తడబడకుండా తలుపు తోశారు. లోపల కప్పు దాకా చక్రాల కుర్చీలు. మధ్యలో ఒక మెకానిక్ నేలమీద కూర్చుని చక్రానికి నూనె వేస్తున్నాడు.

మెకానిక్ ఆయన్ని చూశాడు. ఆయన వెనక తొంగి చూస్తున్న ఇరవై ఆరు మొహాల్నీ చూశాడు. "కుర్చీలు పద్దెనిమిదే ఉన్నాయండీ. మిగతావి రిపేరు," అన్నాడు.

కండక్టరు గారు మాస్టారి వైపు తిరిగారు. "ఏం మాస్టారూ, మీరెందుకొచ్చారు ఇటు?"

"మీ వెనకే వచ్చామండీ. మీరు గైడు కదా."

"నేను గైడునా? మీరంతా వస్తున్నారని కదయ్యా నేను నడిచింది."

మెకానిక్ చేతిలో చక్రం కిర్రుమని తిరుగుతోంది. కండక్టరు గారు గోడ గడియారం చూశారు. పదీ అయిదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ అనని మాట, గొంతులోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నలభై రెండో గేటుకి... దారెటు నాయనా?"

"మళ్లీ రైల్లో వెనక్కెళ్లండి. మీరు ఎక్కిన చోటే లిఫ్టుంటుంది, ఎక్కితే ఎదురుగానే."

ఆయన పరుగు అందుకున్నారు. అరవై రెండేళ్ల వయసులో, తలపైన గౌనుతో, బస్సు తప్పిపోతున్న కుర్రాడిలా. వెనక దబదబమని చప్పుడు వినిపిస్తే తిరిగి చూశారు. ఇరవై ఆరుగురూ వస్తున్నారు, పెట్టెలతో సహా.

"మీరెందుకయ్యా మళ్లీ?"

"మాకు ఏ గేటుకీ దారి తెలీదు," అన్నారు మాస్టారు ఆయాసపడుతూ. "మీకు ఒక్కదానికైనా తెలిసింది."

నలభై రెండో గేటు దగ్గర ఆవిడ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి కదలనంటే కదలనని నిలబడి ఉంది. గేటు దగ్గర అమ్మాయి బతిమాలుతోంది. "టైమైపోయిందండీ. తలుపు వెయ్యాలి."

"ఒక్క నిమిషం తల్లీ. నా గౌను వస్తోంది."

"మీ ఆయన కూడా రావాలన్నారు కదా?"

"ఆయన కూడా."

పదీ పదహారుకి లిఫ్టు తెరుచుకుని సంచి కనబడింది. ఆవిడ ఎదురెళ్లి హ్యాంగరు లాక్కుని, జిప్పు జానెడు తీసి, కుచ్చిళ్లు వేలితో తడిమి చూసింది. అప్పుడు గానీ మొగుడి మొహం చూడలేదు. "ఎక్కండి, ఇంక."

"నువ్వు పద. వస్తున్నా."

ఆవిడ వెళ్లింది. ఆయనా వెళ్లేవారే. కానీ అదృష్టమో దురదృష్టమో, వెనక ఉన్న ఇరవై ఆరుగురిలో తొమ్మండుగురు అదే విమానం వాళ్లు. గేటు నంబరు చూడగానే "ఇదే, మాది ఇదే" అంటూ అందరూ ఒక్కసారి గుమ్మం మీద పడ్డారు. సన్నటి తలుపు. పెట్టెలకి పెట్టెలు ఇరుక్కున్నాయి. ఒక పిల్లాడు ఏడుపందుకున్నాడు. "తొందరగా, తొందరగా," అంటోంది అమ్మాయి.

కండక్టరు గారి బుర్రతో పని లేకుండా చేతులు వాటంతటవే లేచాయి. పక్కకి తప్పుకుని నిలబడ్డారు. "తోసుకోకండి. పిల్లలున్నవాళ్లు ముందు. టికెట్లు చేత్తో పట్టుకోండి. లోపలికి జరగండి." ఒకటి, రెండు, మూడు. మొహాలు చూడరు, తలలే లెక్క. ఎనిమిది, తొమ్మిది. ఆయన తృప్తిగా తలుపు మీద ఉంగరంతో రెండు దెబ్బలు కొట్టారు.

"రైట్."

అమ్మాయి తలుపు వేసేసింది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు కూడా వినిపించింది. ఆమె ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "చాలా థాంక్సండీ. గుంపుని ఇంత పద్ధతిగా ఎక్కించే గైడుని నేనింతవరకూ చూడలేదు."

కండక్టరు గారు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. దాని మధ్యలో ఆయన టికెట్టు ఉంది.

అమ్మాయి దాన్ని చూసింది. అద్దంలోంచి బయటికి చూసింది. అప్పటికే ఆఖరి మనిషీ ఎక్కేసి, గుమ్మానికి అతికించిన నడవ విమానం నుంచి విడిపోతోంది. "ఇప్పుడు తలుపు తియ్యడం నా చేతుల్లో లేదండీ," అంది చిన్నగా. "రేపు పొద్దున ఆరున్నరకి ఇంకోటి ఉంది."

విమానం దాకా ఉన్న నడవలో ఉండగానే ఆవిడకి గుమ్మం వైపు నుంచి రెండు దెబ్బలు, తర్వాత బాగా తెలిసిన గొంతు వినబడ్డాయి. వినగానే సంగతి అర్థమైంది. ముప్పై అయిదేళ్ల కాపురం మరి. సీట్లో కూర్చున్నాక కిటికీ వైపు ఒకసారి, పక్కన ఖాళీ సీటు వైపు ఒకసారి చూసింది. నిట్టూర్చి, గౌనుని ఆ సీటులో నిలువునా నిలబెట్టి, కుచ్చిళ్లు సర్ది, జాగ్రత్తగా బెల్టు పెట్టింది.

బయట మాస్టారూ, మిగిలిన పదహారుమందీ కాసేపు మర్యాదగా ఆగారు. తర్వాత మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడెటు సార్?"

కండక్టరు గారు ఖాళీ గొడుగు వైపు చూసుకున్నారు. రేపు పొద్దున దాకా వేరే పనేమీ లేదు. గొడుగు ఎత్తారు.

ఆ సాయంత్రం పెళ్లికొచ్చినవాళ్లందరూ గౌను మీద ఒక్క ముడతైనా లేదని మెచ్చుకున్నారు.