తొంభై ఆరు గంటలూ, ఒక బావమరిదీ

గేమ్ కన్సోళ్ళు తయారుచేసే పెద్దమనుషులారా, ఈ గొడవకంతా మీరే కారణం. ఎంత వేగమో అట్టపెట్టె మీద రాస్తారు, బొమ్మ ఎంత తళతళలాడుతుందో రాస్తారు. ఏ ఆట నడవదో మాత్రం చచ్చినా రాయరు. అందుకే ఒక కళ్ళద్దాల మేస్త్రీ ఆదివారం మంటగలిసింది.

ఆయన పని అద్దాల అంచులు అరగదీయడం. సరదా మాత్రం ఒక్కటే. జపాన్‌లో గుప్పెడు మంది కోసం చేసిన మనమే కథానాయకుడై తిరిగే ఒక రోల్ ప్లేయింగ్ గేమ్‌ని, అరచేతిలో పట్టే పాత కన్సోల్‌లో, ఒళ్ళో నిఘంటువు పెట్టుకుని ఏడాదిగా ఆడుతున్నాడు. తొంభై ఆరు గంటలు ఆడాడు. మిగిలింది ఆఖరి యుద్ధమొక్కటే. దానికోసమే ఆ పొద్దున కాఫీ తాగి, చేతులు తుడుచుకుని, సొరుగు లాగాడు.

సొరుగు ఖాళీ.

"ఏమోయ్, నా కన్సోల్ ఏది?"

"నాకేం తెలుసండీ?" అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

ఆ నవ్వు ఆయన చూస్తేగా! సోఫా తిరగేశాడు. బట్టలుతికే మెషీన్‌లో తల దూర్చాడు. దొంగలు పడ్డారంటూ కింది వాటా ఆయన్ని లేపాడు. ఆయన పోలీసులకి ఫోన్ చేయబోతుంటే, బావమరిది పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ మెట్లెక్కాడు. ఏ వస్తువు గురించైనా వీడియోలు చూసి తీర్పు చెప్తాడు కనక ఇంట్లో అతని పేరు నిపుణుడు.

"బావా, కళ్ళు మూసుకో! జపాన్ ఆటలకి ఏ కన్సోల్ మంచిదని అక్క అడిగింది. పన్నెండు వీడియోలు చూశా. దీన్ని మించింది లేదు!"

"నాదేది?"

"ఆ అగ్గిపెట్టెనా? అక్క తీసిచ్చింది, దీనికి మార్పిడిగా దుకాణంలో ఇచ్చేశా."

"అందులో నా ఆట ఉందిరా!"

"ఇందులో వేసుకో."

"ఇందులో నడవదురా! ఆ ఆట ఆ ఒక్క కన్సోల్‌కే వచ్చింది!"

నిపుణుడి మొహం మాడింది. "వీడియోలో ఆ ముక్క చెప్పలేదు బావా."

ముగ్గురూ దుకాణానికి పరుగు. మేస్త్రీ ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కింది వాటా ఆయన చెప్పు.

"మీరు ఆడిందంతా చెరిపేసి ఉండరులెండి," అంది భార్య రొప్పుతూ.

"అమ్మేముందు చెరిపేస్తారక్కా. అది రూలు."

"నువ్వు నోర్మూసుకుని పరిగెత్తు!" అని కసిరింది అక్క.

దుకాణంలో కౌంటర్ చుట్టూ ఆరుగురు మూగి ఉన్నారు. మధ్యలో దుకాణదారు, చేతిలో ఆ అగ్గిపెట్టె కన్సోల్, నుదుటి నిండా చెమట.

"చెరిపేశారా?" మేస్త్రీ కౌంటర్ మీదికి వంగాడు.

"ఎలా చెరపనండీ? అంతా జపాన్ భాషే. ఏదో మీట నొక్కితే యుద్ధం మొదలైంది. మధ్యలో వదలబుద్ధి కాలేదు. ఇప్పుడే ఆ భూతాన్ని చంపేశా."

తెర మీద ఆట చేసినవాళ్ళ పేర్లు పైకి పాకుతున్నాయి. మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. "మీరు సంతోషిస్తారనుకున్నానండీ," అంది భార్య కళ్ళొత్తుకుంటూ.

పేర్లు అయిపోయాయి. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. గెలిచాక కూడా ఆ ఆట మనిషిని మళ్ళీ ఆఖరి యుద్ధం గుమ్మంలోనే దింపుతుందట! తొంభై ఆరు గంటలూ భద్రం. మేస్త్రీ కన్సోల్ లాక్కుని అక్కడే యుద్ధం మొదలెట్టాడు.

ఓడిపోయాడు. నాలుగుసార్లు.

"ముందు దాని ఎడమచెయ్యి కొట్టాలండీ," అన్నాడు దుకాణదారు మెల్లగా.

పెద్దమనుషులారా, ఏ ఆటలు నడవవో అట్ట మీద రాయండి. బావమరుదులకి కూడా కనబడేంత లావు అక్షరాల్లో, ఈరోజే రాయండి. నిపుణుడు ఇప్పుడు అక్కకి బట్టలుతికే కొత్త మెషీన్ ఎంచుతున్నాడు.