శుక్రవారం డ్యూటీ

శుక్రవారం పొద్దున్నే నున్నగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మధ్యాహ్నం కూతురితో వీడియోలో మాట్లాడటం: భూమేష్ వేసుకున్న పథకం ఇంతే. దీన్ని పాడుచేయడానికి శత్రువులు అక్కర్లేదు, రూమ్మేట్లు చాలు.

విడాకుల కేసు నడుస్తోంది. ఎనిమిదేళ్ల కూతురు శ్రీనిజ జగిత్యాల దగ్గరి ఊళ్లో తల్లి సునందతో ఉంటోంది. వారానికోసారి, శుక్రవారం, తండ్రి మాట్లాడొచ్చని కోర్టు చెప్పింది. వరసగా రెండు శుక్రవారాలు తాను పనిచేసే సైట్లో ఓటీ, అంటే ఓవర్‌టైమ్, పడి మాట తప్పాడు. ఈసారీ తప్పితే సోమవారం జడ్జిగారికి చెప్పి ఆ కాల్స్ ఆపించేస్తానని సునంద కబురు పెట్టింది. "బిడ్డను నాకు కాకుండ చేస్తదట!" అని భూమేష్ వారమంతా పళ్లు కొరికాడు. ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, దోహాలో తాముండే అల్ దోహా అల్ జదీదా పేటలో, సందులో ఉన్న సెలూన్‌కి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం ఊళ్లో కరెంటు తీస్తారని తెలిసి సునంద ముందే ఫోన్ చేసింది. గదిలో ఉన్న రూమ్మేటు జలంధర్ ఎత్తాడు.

"భూమేషన్న డ్యూటీకి పోయిండక్కా."

"శుక్రవారం ఏం డ్యూటీ?"

"ఓటీ."

"ఫోన్ రూమ్‌ల ఇడిసిపెట్టి ఓటీకి పోయిండా?"

కడప నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేస్తున్న మరో రూమ్మేటు తిరుపాలు, సెలవు రోజు కాబట్టి అక్కడే కోడికూర కలుపుతున్నాడు. స్నేహితుణ్ణి కాపాడాలని జలంధర్ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"వదినా, సైట్లోకి ఫోన్లు తేవద్దని రూలు పెట్టినారు. మొన్నామధ్య ఒకాయన ఫోన్ చూస్తా చూస్తా కింద పడినాడు."

"ఎవరు? ఆయనేనా? నిజం చెప్పు!"

అవునంటే పోయిన రెండు శుక్రవారాలకూ సమాధానం దొరుకుతుంది, వదిన మనసూ కరుగుతుంది. తిరుపాలుకి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

"అవును వదినా, కాలు మటుకే ఇరిగింది. చిన్న దెబ్బే."

సునంద ఏడాదిగా మొహం చూడని అత్త నర్సవ్వకు ఫోన్ చేసింది. నర్సవ్వ అరుగు మీద కూలబడి శోకం పెట్టింది. ఆ ఊళ్లో దుబాయ్ కొడుకున్న తల్లి ఏడిస్తే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. దోహా కూడా వాళ్లకు దుబాయే. చూస్తుండగానే భూమేష్ ఫొటోకి దండ వేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

సెలూన్లో భూమేష్ సగం మొహం నున్నగా, సగం నురగతో ఉంది. పక్క ఊరివాడొకడు తన వంతు కోసం కూర్చుని ఫోన్ వంకా, అతని వంకా మార్చి మార్చి చూశాడు.

"అన్నా, ఏమనుకోకు. నువ్వు సచ్చిపోయినవా?"

దండ కింద తన మొహం చూసుకుని భూమేష్ తువ్వాలుతో సహా పరిగెత్తాడు.

"ఎవడ్రా నన్ను సంపింది?" గది తలుపు కాలితో తన్నాడు.

"మేం కాలు మటుకే ఇరగ్గొట్టినామన్నా," అన్నాడు తిరుపాలు గరిటె అడ్డం పెట్టుకుని. "సంపింది మీ ఊరోళ్లు."

"డ్యూటీ అని ఎవడు చెప్పుమన్నడు మీకు?"

"నువ్వే!" జలంధర్‌కి కూడా ఒళ్లు మండింది. "కొట్లాట మొదలైన కాడికెల్లి, సునంద ఫోనొస్తే డ్యూటీకి పోయిండని చెప్పుండ్రి అంటివి. ఎన్నిసార్లు మంచం మీద పండుకునే చెప్పిపియ్యలే? ఇగ వద్దని ఎన్నడన్న అన్నవా?"

అనలేదు. ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియక భూమేష్ సునందకు వీడియో కాల్ చేశాడు.

"బతికే ఉన్నవా?" ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో సునంద విరుచుకుపడింది. "పిల్ల బువ్వ ముట్టలే! ఏం మొగోనివయ్యా? సగం గడ్డమేంది? క్షవరానికి పోయి డ్యూటీ అని చెప్పిపిస్తవా?"

"తిట్టుడు తర్వాత. బిడ్డనియ్యి! ఎప్పుడు చూసినా నువ్వే అడ్డం పడుతున్నవ్!"

"నేనా? ఇగో, నీ బిడ్డ పక్కన్నే ఉన్నది. మాట్లాడు!"

ఫోన్ మంచం మీద పడ్డట్టుంది. తెర మీద తిరుగుతున్న ఫ్యాన్ తప్ప ఏమీ కనిపించలేదు.

"బిడ్డా... శ్రీనిజా..."

"శ్రీనిజ లేదు," అంది బిగుసుకున్న చిన్న గొంతు. "డ్యూటీకి పోయింది."

"గట్ల అనద్దు బిడ్డా," సునంద బతిమాలుతోంది. ఆ గొంతు అంత మెత్తగా మాట్లాడటం భూమేష్ విని ఎన్నాళ్లయిందో. "మీ నాయిననే. నీ కోసమే ఫోన్ చేసిండు. ఒక్కమాట మాట్లాడవే."

భూమేష్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"శుక్రవారం ఏం డ్యూటీ బిడ్డా?"

"ఓటీ."

ఓటీ ఎప్పుడైపోతుందో ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి, భూమేష్ సగం గడ్డంతో ఆ ఫ్యాన్‌ను చూస్తూ లైన్లోనే ఉండిపోయాడు.