ఆధారం లేని గంట

మా ఊరి గడియార స్తంభం గురించి అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఉన్న వ్యాసం ఈ నెల ఒకటో తేదీ నుంచి నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నిజమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందుకోసం వ్యాసాన్ని దిద్దవలసిన అవసరం రాలేదు. మిగిలిన ఒక్క పాలు గురించి చివర్లో మనవి చేస్తాను.

ఆ వ్యాసం మొదలుపెట్టింది నేనే. విజ్ఞాన సర్వస్వం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, మీ పిల్లల హోంవర్కంతా అందులోంచి దించిందే. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరికీ జీతం లేదు. అందుకే అక్కడున్నంత క్రమశిక్షణ జీతాలిచ్చే ఆఫీసుల్లో కనబడదు. నేను చరిత్రలో బి.ఎ. చదివి, ఇరవై రెండేళ్ళుగా పాలు పొంగకుండా చూసే బాధ్యతలో ఉన్నాను. రోజూ గిన్నెలు బోర్లించాక పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా కంప్యూటరు ముందు కూర్చుంటాను. అక్కడ నా పేరు 'వంటింటి కిటికీ'. ఆ కిటికీలోంచి గడియార స్తంభం నిలువునా కనిపిస్తుంది.

మా ఊరి వ్యాసాలను కాపాడే సంపాదకులం నలుగురం. మొదటివారు మందుల షాపు ఆయన. చీటీ లేనిదే తలనొప్పి మాత్ర కూడా ఇవ్వరు, విజ్ఞాన సర్వస్వంలోనూ అంతే. ప్రతి వాక్యం కిందా 'ఆధారమేదీ?' అని రాసి రాసి చివరికి అదే ఆయన పేరైపోయింది. రెండోవారు డ్రాయింగు మాస్టారు. పెట్టిన కామా తీసి, తీసిన కామా మళ్ళీ పెట్టి, పదకొండు వేల దిద్దుబాట్లు పూర్తి చేసి, తెర మీద కనబడే పతకం ఒకటి సంపాదించారు. మూడోవారు పళ్ళ డాక్టరు. ఆయన నిర్వాహకుడు. గొడవలు ముదిరితే పేజీకి తాళం వేసే అధికారం ఆయనకొక్కరికే ఉంది. నోరు తెరవమనడం, మూయమనడం రెండూ ఆయనకు వృత్తిరీత్యా అలవాటే.

నలుగురం అరమైలు లోపలే ఉంటాం. మా మామగారి బి.పి. మాత్రలు నేను మందుల షాపు ఆయన దగ్గరే కొంటాను. అయినా కౌంటరు దగ్గర ఆయన గానీ నేను గానీ గడియారం మాట ఎత్తం. చర్చ చర్చాపేజీలోనే జరగాలన్నది నియమం.

నియమాల సంగతి వచ్చింది గనక ఒకటి ఒప్పుకోవాలి. ఆ వ్యాసానికున్న ముఖ్యమైన నియమం నేను రాసిందే. అప్పట్లో వారానికొకరు వచ్చి, స్తంభం కట్టించింది మా ముత్తాతే అని రాసిపోయేవారు. ముత్తాతలు తొమ్మిదిమంది అయ్యేసరికి నాకు విసుగొచ్చి ఇలా రాశాను: 'అచ్చయిన ఆధారం ఉన్న వాక్యాన్ని, అంతకన్నా కొత్తగా అచ్చయిన ఆధారం చూపనిదే ఎవరూ మార్చరాదు. కళ్ళతో చూశాను, చెవులతో విన్నాను అన్నవి ఆధారాలు కావు.' నా వాక్యాన్ని ముగ్గురూ మెచ్చుకున్నారు. మాస్టారు ఒక కామా తీసేశారు. అదే ఊపులో, ఒక దినపత్రికను ఆధారంగా చూపి, ఈ వాక్యం కూడా నేనే చేర్చాను: 'ఈ గడియారం ఏళ్ళ తరబడి నాలుగూ పది దగ్గర ఆగి ఉంది, గంట మోగదు.'

అప్పటికి అది అక్షరాలా నిజం.

మా మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశారు. ఊళ్ళో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక షాపు మూసి ఇంట్లో కూర్చున్నారు. కిందటేడు ఉన్నట్టుండి స్తంభం కాపలావాడి దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నారు. రోజూ పొద్దున్నే క్యారియరు పట్టుకుని అరవై రెండు మెట్లు ఎక్కేవారు. పావురాలు గూళ్ళకని పోగేసిన పుల్లలు ఒక గోనెసంచి నిండా తీశారు. అరిగిపోయిన పళ్ళచక్రానికి ఆకురాయి పట్టి కొత్త పళ్ళు అతికారు. ఏడు వారాలు పట్టింది. ఒక గురువారం నేను కంప్యూటరు ముందు కూర్చోగానే గంట మోగడం మొదలైంది.

కాసేపటికి మామగారు వచ్చారు. మోచేతుల దాకా గ్రీజు.

"ఎన్ని కొట్టిందమ్మాయ్?"

"పదకొండు, మామయ్యగారూ."

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"వేళ్ళు మడిచి లెక్కపెట్టాను."

ఆయన చేతులు కూడా కడుక్కోకుండా పక్క ఊళ్ళో ఉన్న వాళ్ళ అక్కకు ఫోను చేశారు. ఆ పెద్దావిడకు ఎనభై. తమ్ముడు పుట్టిన దగ్గరనుంచీ అబద్ధాలకోరని ఆవిడ గట్టి నమ్మకం. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి గోడ గడియారం ఎవరో ఆపేశారట. అది ఈయనేనని ఆవిడా, కాదని ఈయనా, అరవై అయిదేళ్ళుగా వాదించుకుంటున్నారు.

"అక్కా, స్తంభం గడియారం నడిపించానే!" అన్నారు మామగారు.

"ఊరుకోరా, చెవిలో పువ్వు పెట్టకు. ఉండు." అవతల ఏదో గుసగుస. "మనవరాలు ఫోనులో చూసింది. నాలుగూ పది దగ్గరే ఆగి ఉందిట. గంట కూడా మోగదుట. డెబ్భై దాటినా నీ బుద్ధి మారలేదురా."

మామగారు ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, అదేదో నువ్వు రాసేదేగా. ఆ ఒక్క ముక్క మార్చెయ్. నా పేరు కూడా వద్దు. నడుస్తోందని ఉంటే చాలు. అక్క పోయేలోగా ఒక్కసారి చూసుకుంటుంది."

ఇంతకన్నా చిన్న కోరిక ఆ ఇంట్లో ఎవరూ నన్ను కోరలేదు. వెంటనే మార్చాను. నాలుగు నిమిషాల్లో 'ఆధారమేదీ' గారు రద్దు చేశారు.

నేను కిటికీలోంచి ఒక ఫొటో తీసి పెట్టాను. గడియారం పదకొండూ ఇరవై చూపుతోంది. డ్రాయింగు మాస్టారు పరిశీలించి, ఆగిన గడియారం కూడా ఏదో ఒక సమయం చూపుతుంది గనక నడుస్తోందనడానికి ఫొటో సాక్ష్యం కాజాలదని తేల్చారు. సాయంత్రం ఇంకో ఫొటో పెట్టాను. అందులో అయిదూ ముప్పావు. రెండు ఫొటోల వల్ల గడియారం రెండుసార్లు ఆగిందని మాత్రమే రుజువవుతోందని పళ్ళ డాక్టరు అభిప్రాయపడ్డారు. వీడియో తీస్తే, అది ఎక్కడా అచ్చుకాని 'సొంత పరిశోధన' గనక చెల్లదన్నారు. పైగా ఆ మెకానిక్కుకు నేను కోడలినని బయటపడి, సొంత మనుషుల విషయంలో కలగజేసుకోరాదన్న నియమం కూడా గుర్తుచేశారు. చివరికి మర్నాడు 'ఆధారమేదీ' గారు, ఈ వ్యాసానికి ఇంత పకడ్బందీ నియమం రాసి పెట్టిన సంపాదకురాలి ముందుచూపును మనసారా అభినందిస్తున్నానని రాశారు. ఆ అభినందన రాసి, స్తంభం మీద ఒంటిగంట కొట్టగానే, రోజూలాగే షట్టరు దించి భోజనానికి వెళ్ళారు. మా కిటికీలోంచి షట్టరు కూడా కనిపిస్తుంది.

కావలసింది అచ్చయిన ఆధారం కదా అని నేను మా ఊరి పత్రికా విలేఖరి దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కుర్చీ వేశాడు.

"నడిచే గడియారం వార్త కాదు మేడమ్. ఆగితే వార్త."

"ఆగినది నడిస్తే?"

"అదీ బాగానే ఉంది. కానీ మీరు చెప్పారని రాసేస్తామా? చెక్ చేసుకోవాలి కదా!" అని ఫోను తీశాడు. చదివాడు. జాలిగా నా వైపు చూశాడు. "ఆగే ఉంది మేడమ్."

ఆయన ఆఫీసు మెట్ల మీద నిలబడితే స్తంభం కనిపిస్తుంది. ఆయన మెట్ల దాకా రాలేదు, విజ్ఞాన సర్వస్వం ఎదురుగానే ఉంది గనక.

నేను వెళ్ళిన ఫలితం మాత్రం ఊరికే పోలేదు. ఆ తర్వాతి ఆదివారం అనుబంధంలో 'కాలం ఆగిన ఊరు' అని పూర్తి పేజీ వ్యాసం పడింది. వాక్యాలన్నీ విజ్ఞాన సర్వస్వంలో నేను రాసినవే. ఫొటో పాతది. పేపరు వచ్చిన గంటలోనే సంపాదకులు దాన్ని మా వ్యాసానికి కొత్త ఆధారంగా చేర్చారు. ఇక నా దగ్గర ఏమున్నా అది దీనికన్నా పాతదే.

తర్వాత జనం రావడం మొదలుపెట్టారు. కాలం ఆగిన ఊరిని చూడడానికి బస్సులేసుకుని వచ్చి, స్తంభం కింద నిలబడి తలెత్తి చూసి, మోసపోయామని గ్రహించేవారు. ఒక కుటుంబం సరిగ్గా నాలుగూ పదికి చేరుకుని ఎంతో తృప్తిపడిందట. ఆ తృప్తి నిమిషం సేపు నిలిచింది. మునిసిపాలిటీకి ఫిర్యాదులు వెళ్ళాయి. మునిసిపల్ ఛైర్మన్ అత్యవసర సమావేశం పెట్టి ఇలా సెలవిచ్చారు:

"నడిచే గడియారాలు ఏ ఊళ్ళో లేవు? నడవనిదాన్ని నిలబెట్టుకున్న ఊరు మనది! ఎవరో దురాలోచనతో దీన్ని నడిపించి, మన వారసత్వానికి తీరని నష్టం కలిగించారు. ఎంత శ్రమకైనా ఓర్చి మన గడియారాన్ని పూర్వస్థితికి తెస్తామని మనవి చేస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఆ తర్వాత, పూర్వస్థితికి తేగల నిపుణుడి కోసం వెతికారు. ఊళ్ళో ఉన్నది ఒక్కరే. గడియారం ముళ్ళను నాలుగూ పది దగ్గర ఆపడానికి రావలసిందిగా మా మామగారికి గౌరవపూర్వకమైన ఉత్తరం వచ్చింది.

ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని, మోగే ప్రతి గంటకూ వేలు మడుస్తూ ఉన్నారు.

"కుదరదని చెప్పెయ్యండి నాన్నా, ఏం చేస్తారు వాళ్ళు?" అన్నారు మా వారు.

"నేను కాదంటే సుత్తి పట్టుకున్నవాణ్ణి ఎక్కిస్తారురా," అన్నారు మామగారు. "ఆ పళ్ళు ఒక్కొక్కటీ నా చేత్తో చెక్కాను."

సుత్తి దాకా రాదులెండి అందామనుకున్నాను. అనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఒకటో తేదీ సాయంత్రం గడియార పునరుద్ధరణ సభ జరిగింది. వేదిక వేశారు, రిబ్బను కట్టారు. మామగారు మూడింటికి మెట్లెక్కారు. సరిగ్గా నాలుగూ పదికి ముళ్ళు ఆగాయి. కింద కేరింతలు. ఆయన దిగి వచ్చి, గ్రీజు చేతులతోనే ప్రశంసాపత్రం అందుకున్నారు. ఛైర్మన్ మైకు ముందుకు వచ్చి, నిలకడ గొప్పతనం మీద ముప్పావుగంటకు పైగా మాట్లాడారు. "ఈ నిశ్శబ్దమే మన సంపద!" అన్నారో లేదో, పైన గంట మోగడం మొదలైంది.

అయిదు కొట్టింది. ఛైర్మన్ అయిదూ అయ్యేదాకా ఆగి, "ఈ నిశ్శబ్దాన్ని మన పిల్లలకు అందిద్దాం," అని కొనసాగించారు. సభలో ఎవరూ తలెత్తలేదు. మందుల షాపు ఆయన మాత్రం చేతి గడియారం చూసుకుని రెండు నిమిషాలు ముందుకు తిప్పుకున్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. "ముళ్ళను తిప్పే ఇరుసు ఒకటి విడదీశానంతేనమ్మాయ్," అన్నారు మామగారు. "లోపల యంత్రం దాని మానాన అది నడుస్తుంది. ఉత్తరంలో ముళ్ళనే ఆపమన్నారు, కావలిస్తే చదువుకో."

మర్నాడు పత్రికలన్నింటిలోనూ వార్త వచ్చింది. అది రాగానే సంపాదకులు వ్యాసంలో ఒక వాక్యం చేర్చారు. ఇంటిపేరుతో సహా మామగారి పేరు రాసి, ఈ గడియారాన్ని ఆపిన మెకానిక్కు ఈయనే అని, నాలుగు ఆధారాలు చూపారు. మామగారు అడిగినది ఒక ముక్క, దక్కినది నిండు వాక్యం. సాయంత్రం పెద్దావిడ ఫోను చేశారు. మామగారు స్పీకరు పెట్టారు.

"చూశానురా! నీ పేరు పెట్టి మరీ రాశారు. ఆపింది నువ్వేనట!"

"అవునక్కా."

"నాన్నగారి గడియారం కూడా నువ్వే ఆపావు. అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడేమంటావు?"

మామగారు నా వైపు చూశారు. "ఇంకేమంటానక్కా. అందులో రాశాక తప్పేదేముంది!"

అప్పుడే గంట మోగింది. ఆరు.

"ఏమిట్రా ఆ చప్పుడు?"

"దాని గురించి అందులో ఏమన్నా ఉందేమో చూడు."

గుసగుస వినిపించింది. "మోగదనే ఉందిరా."

"అయితే ఏమీ లేదక్కా," అన్నారు మామగారు. చాలా రోజుల తర్వాత ఆ పూట రెండోసారి అన్నం వడ్డించమన్నారు.

మిగిలిన ఒక్క పాలూ ఇదే. 'గంట మోగదు' అన్న నా వాక్యం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దానికి నేనే కాపలా. మొన్న ఎవరో కొత్త సంపాదకుడు వచ్చి, మోగుతోంది, నేను స్వయంగా విన్నాను అని దిద్దాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టనివ్వలేదు, రద్దు చేసి ఆధారం అడిగాను. 'అదేమిటండీ, ఊళ్ళో ఎవరికీ చెవుల్లేవా?' అని రాశాడు పాపం.

అందరికీ ఉన్నాయని, అవి మాత్రం ఆధారం కావని, నియమం సంఖ్యతో సహా బదులిచ్చాను. మీలో ఎవరైనా ఆ దారిన వెళుతూ గంట వింటారేమోనని నాకు ఏ బెంగా లేదు. ముందు ఫోను తీసి చూస్తారుగా!